వడ్రంగి కొలత అడిగితే ఐదేళ్ల పిల్లలు ఏం చేశారు

ఉత్తర ఇటలీలో రెజ్జో ఎమీలియా అనే ఊరుంది. పర్మెజాన్ జున్నుకు ఎంత పేరో, పసిపిల్లల బడులకూ అంతే పేరు. అక్కడి డయానా బడిలో ఒకసారి పనిబల్ల ఇంకొకటి కావలసివచ్చింది. ఉన్న బల్లలాంటిదే కావాలి. వడ్రంగి వచ్చి చూసి, కొలతలిస్తే చేసిస్తానన్నాడు. కొలత తీసే పని ఐదారేళ్ల పిల్లలు కొందరు నెత్తికెత్తుకున్నారు.

మీటరు బద్ద చేతికిస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే పని అది. టీచర్లు ఇవ్వలేదు. పిల్లలు వేళ్లతో కొలిచారు, పిడికిళ్లతో కొలిచారు, కాళ్లతో కొలిచారు. ఒకరి లెక్క ఇంకొకరికి కుదరలేదు. కాగితం పట్టీలు చేసి వాటిమీద అంకెలు వేశారు. అంకెకూ అంకెకూ మధ్య ఎడం ఎవరికి తోచినట్టు వారు పెట్టారు కాబట్టి అవీ కుదరలేదు. అందరూ ఒకే వస్తువుతో కొలవాలన్న సంగతి అప్పుడు తట్టింది. ఒక పిల్లాడి బూటును కొలబద్దగా ఒప్పుకున్నారు. బూటుతో బల్ల పొడవు తేలాక మీటరు వచ్చింది. అప్పటికి దాని అవసరమేమిటో పిల్లలకు తెలుసు. బల్ల బొమ్మ గీసి, కొలతలు వేసి వడ్రంగికిచ్చారు.

మల్లెపూలమ్మి దగ్గర మూర కొనే ఎవరికైనా ఈ గొడవ కొత్తది కాదు. ఆవిడ మూర పొట్టి, మన మూర పొడుగు. జాన, బెత్తెడు, మూర, బార దాటి ప్రామాణిక కొలతకు రావడానికి మనుషులకు శతాబ్దాలు పట్టింది. ఆ దారినే పిల్లలు కొద్దిరోజుల్లో నడిచారు.

పిల్లల మీద కేంద్రీకరించిన చదువు, అన్వేషణ పద్ధతి అనే మాటలు వినగానే మనవాళ్లకు తోచే అర్థం ఒకటే: పిల్లల్ని వాళ్ల ఇష్టానికి వదిలేయడం. బల్ల కథలో ఎవరూ ఎవర్నీ వదిలేయలేదు. ఈ పని ఒక చిన్న గుంపుకు ఒప్పగించాలని, రోజులు పట్టినా పట్టనివ్వాలని, కాగితాలూ దారాలూ అందుబాటులో పెట్టాలని, మీటరు బద్దను ఇప్పుడు కాదు ఫలానాప్పుడు తేవాలని ఎవరో పెద్దవాళ్లు నిర్ణయించారు. పిల్లలన్న మాటలు రాసుకున్నారు. నల్లబల్ల దగ్గర నిలబడి పాఠం చెప్పడం కంటే ఇది బరువైన పనే. కాకపోతే ఆ బరువు కంటికి కనిపించదు. ఈ పద్ధతిని చేపట్టి చెడగొట్టినచోట్ల దాదాపు ప్రతిసారీ జరిగేది ఇదే: పైకి కనిపించే స్వేచ్ఛను తెచ్చుకుంటారు, కనిపించని ఏర్పాటును వదిలేస్తారు.

ట్యాంకు అమ్మి కట్టిన బడి

1945 వసంతంలో ఇటలీకి యుద్ధం నుంచి విముక్తి దొరికింది. రెజ్జో పక్కన విల్లా చెల్లా అనే పల్లెవాసులు బాంబులకు కూలిన ఇళ్ల ఇటుకలు ఏరి బడి కట్టడం మొదలుపెట్టారు. పారిపోయిన జర్మన్ సైన్యం వదిలేసిన ట్యాంకును, ట్రక్కులను, గుర్రాలను అమ్మగా వచ్చిన డబ్బే మూలధనం. ఆ వార్త విని లోరిస్ మలగుట్సి అనే యువ టీచరు సైకిలెక్కి చూడ్డానికి వెళ్లాడు. 1994లో పోయేదాకా ఆ బడులతోనే ఉండిపోయాడు. 1963లో ఆ ఊరి పురపాలక సంఘం తన మొదటి బడి తెరిచింది. 1991లో న్యూస్‌వీక్ పత్రిక ప్రపంచంలోని మంచి బడుల జాబితాలో డయానాను చేర్చాక అన్ని దేశాల వాళ్లూ చూడ్డానికి రావడం మొదలైంది.

ఇక్కడ గమనించాల్సింది డబ్బు సంగతి. అవి పురపాలక బడులు. ఒక్కో తరగతికి ఇద్దరు టీచర్లు, ఇద్దరూ సమానులే, ఒకరు ప్రధానమూ ఇంకొకరు సహాయకమూ కాదు. బడిలో అటెలియే అనే పనిశాల ఉంటుంది. దాన్ని చూసుకోవడానికి కళలు చదువుకున్న మనిషిని వేరుగా పెడతారు. కొన్ని బడులకు కలిపి బోధన వ్యవహారాలు చూసే సమన్వయకర్త ఉంటారు. వంట చేసేవారిని కూడా పిల్లల్ని పెంచే బృందంలో భాగంగానే లెక్కిస్తారు. పిల్లలతో గడిపే గంటలే కాక, టీచర్లు కూర్చుని మాట్లాడుకునే గంటలకూ జీతం ఉంటుంది. మన దగ్గర రెజ్జో ఎమీలియా పేరు పెట్టుకున్న బడులు చాలావరకు చెక్క అరలు, పసుపు దీపాలు, వెదురు బుట్టలు తెచ్చుకుని, ఆ జీతం గంటల దగ్గర ఆగిపోతాయి. ఇంకో మాట. రెజ్జో వాళ్లు ఎవరికీ ఫ్రాంచైజీ ఇవ్వరు, ఇది మా బడి అని ముద్ర వేయరు. కాబట్టి బోర్డు మీద ఆ పేరుందంటే, ఆ బడి వాళ్లు దాన్నుంచి స్ఫూర్తి పొందామని చెప్పుకుంటున్నారని మాత్రమే అర్థం.

మాంటిస్సోరి వేరు, ఇది వేరు

మన ఊళ్లలో ఈ రెండూ, ప్లే స్కూలూ అన్నీ ఒకే గంపలో పడతాయి. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల యూరప్‌కు తిరిగి వెళ్లలేక 1946 దాకా ఇక్కడే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆ పేరు మనకు బాగా తెలియడానికి అదొక కారణం. ఆ పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోవడం ఇంకో కారణం.

తేడా తెలియాలంటే ఒక వస్తువును చూస్తే చాలు. మాంటిస్సోరి గులాబీరంగు గోపురంలో 10 ఘనాలుంటాయి. అన్నిటికంటే చిన్నది 1 సెంటీమీటరు, పెద్దది 10 సెంటీమీటర్లు. పెద్దదాని మీద దానికంటే చిన్నది పేర్చుకుంటూ పోవాలి. క్రమం తప్పితే గోపురం ఆకారమే చెబుతుంది, టీచరు చెప్పక్కర్లేదు. తప్పు దిద్దే గుణం వస్తువులోనే ఉంది. ఆ ఘనాలను రైలుబండిగా చేసి తోస్తానంటే మాంటిస్సోరి టీచరు సాధారణంగా ఒప్పుకోదు, అవి అందుకు చేసినవి కావు. రెజ్జో అరల్లో ఉండేవి రాళ్లు, తీగ, మట్టి, అద్దం ముక్క, కార్ఖానాల్లో మిగిలిపోయిన అట్టలూ గొట్టాలూ. వాటికి ఒక ఉద్దేశమంటూ లేదు. కాబట్టి తప్పొప్పులు వస్తువు చెప్పదు. తోటిపిల్లలు చెప్పాలి, లేదా పని బెడిసికొట్టి చెప్పాలి. మాంటిస్సోరి పిల్ల ఎక్కువగా ఒంటరిగా పనిచేస్తుంది, రెజ్జో పిల్లలు నలుగురైదుగురు కలిసి వాదించుకుంటారు. రెండూ పిల్లల్ని మధ్యలో పెట్టుకున్న పద్ధతులే. ఒకదాన్ని సగం, ఇంకోదాన్ని సగం కలిపి ఒకే గదిలో నడిపితే టీచరుకే తికమక: ఈ ఘనంతో రైలు చేయనివ్వాలా, వద్దా?

ప్లే-వే అని మన దగ్గర జరిగేది చాలాచోట్ల మూడోది. పది గంటలకు రైమ్స్, పదీ ఇరవైకి రంగులు, పదీ నలభైకి బొమ్మలు. ఆట పేరుతో టైంటేబులు.

గది, గంట, పీట

పాతికమంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయా. మన అంగన్‌వాడీల్లోనూ చిన్న ప్రైవేటు బడుల్లోనూ మామూలుగా ఉండే లెక్క ఇది. ఇందులో పాతికమందీ ఒకేసారి అన్వేషణ చేస్తే గోల తప్ప ఏమీ మిగలదు. గదిని ఐదు మూలలుగా విడదీయాలి. నాలుగు మూలలు వాటంతటవే నడిచేవి కావాలి: చెక్కదిమ్మెలు, బొమ్మరిల్లు, పుస్తకాలు, గీతలూ రంగులూ. ఐదోదాంట్లో ఆ వారం పని, అంటే మట్టో, ఇసుకో, నీడల ఆటో. టీచరు ఆ ఐదోదాని దగ్గరే కూర్చుంటుంది. మిగతా గదిని ఆయా చూసుకుంటుంది.

ఒక్కో మూలకు ఎంతమందన్నది నోటితో చెప్పి అమలుచేయలేం. పీటలు చెబుతాయి. మట్టి దగ్గర ఐదు పీటలుంటే ఐదుగురే. ఆరోవాడు పీట ఖాళీ అయ్యేదాకా వేరేచోట ఆడుకుంటాడు. ఇంత చిన్న ఏర్పాటు లేక టీచర్లు రోజంతా పిల్లల్ని అటూ ఇటూ తరుముతూ గొంతు పోగొట్టుకుంటారు.

గంట విషయంలో బేరం లేదు. కనీసం 60 నిమిషాలు ఎడతెగకుండా ఉండాలి. మొదటి పదిహేను నిమిషాలు పిల్లలు తిరుగుతారు, ముట్టుకుంటారు, లాక్కుంటారు. పని చిక్కబడేది ఆ తర్వాతే. అరగంట పీరియడు పెడితే సరిగ్గా పొంగు వచ్చేవేళకు పొయ్యి ఆర్పినట్టవుతుంది.

వస్తువులు తక్కువగా మొదలుపెట్టాలి. ఒక మూలలో మూడు రకాలు చాలు: చింతపిక్కలు, కొబ్బరి చిప్పలు, చిన్న వెదురు ముక్కలు. ఇరవై రకాలు ఒకేసారి బయటపెడితే పిల్లలు చేసేది ఒకటే, బుట్ట బోర్లించడం. అది పిల్లల అల్లరి కాదు, ఏర్పాటులో లోపం. లోతైన డబ్బాలో వస్తువు కనిపించదు, అందుకే కుమ్మరిస్తారు. చేటలోనో పళ్లెంలోనో పెడితే కనిపిస్తుంది, ఏరుకుంటారు. అర మరీ ఎత్తుగా ఉంటే మూడేళ్ల పిల్లకు పై వరుస అందదు.

చెక్కదిమ్మెలు కొనక్కర్లేదు, వడ్రంగి చేత కోయించుకోవచ్చు. కొలత మాత్రం గట్టిగా పట్టుకోవాలి: మందం ఒక వంతైతే వెడల్పు రెండు వంతులు, పొడవు నాలుగు వంతులు. 3.5, 7, 14 సెంటీమీటర్లు చేతికి బాగా నప్పుతాయి. దానికి సగం పొడవువి, రెట్టింపు పొడవువి కూడా కోయించాలి. రెండు సగాలు పక్కపక్కన పెడితే ఒక నిండు దిమ్మె అవుతుందన్నది పిల్లలు కట్టేటప్పుడు వేళ్లకే తెలిసిపోతుంది. కోత రెండు మిల్లీమీటర్లు తప్పినా ఆ సమానం కనిపించదు, గోడ వంకరపోతుంది. అంచులు ఉప్పుకాగితంతో బాగా రుద్దించి, రంగు వేయకుండా వదిలేయాలి. నలుగురు కట్టుకునే మూలకు వందకు తగ్గితే గొడవలే.

మూడేళ్ల లోపు పిల్లలున్న గదిలో పిక్కలూ గింజలూ పెట్టకూడదు. 3.2 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టే వస్తువు ఏదైనా ఆ వయసువాళ్లకు గొంతులో అడ్డం పడగలదు. ఏ వయసువాళ్లకైనా గురివింద గింజలు, ఆముదం గింజలు, గన్నేరు కాయలు వద్దు, మూడూ విషమే. గురివింద ఎర్రగా అందంగా ఉంటుందని లెక్కలకు తెచ్చిపెట్టేవాళ్లున్నారు. బటన్ బ్యాటరీలున్న బొమ్మలు అసలు గదిలోకే రానివ్వకూడదు.

గిద్దె నుంచి మానిక దాకా

పై దిమ్మెల్లో ఉన్న రెట్టింపు లెక్క మన పాత కొలపాత్రల్లోనూ ఉంది. రెండు గిద్దెలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. ఒక్కో మెట్టుకు సరిగ్గా రెట్టింపు. పసిపిల్లల బడికి ఇంతకంటే మంచి పరికరం ఎవరూ కొత్తగా చేయనక్కర్లేదు. పాత ఇళ్ల అటకల మీద, పాత్రల దుకాణాల్లో ఇంకా దొరుకుతోంది.

బియ్యంతో ఆడించడం చాలా ఇళ్లకు నచ్చదు, అన్నాన్ని నేలపాలు చేయడం వాళ్లకు తప్పు. ఆ పట్టింపు సరైనదే, ఇసుక వాడాలి. ఎనిమిది పది కిలోల సన్న ఇసుక జల్లించి, కడిగి, ఎండబెట్టి వెడల్పాటి టబ్బులో పోయాలి. టబ్బు కింద గోనెపట్టా. నాలుగు పీటలు. మొదటిరోజు గిద్దె, సోల మాత్రమే పెట్టాలి. నాలుగైదు రోజుల తర్వాత అరసోల, ఆ తర్వాత తవ్వ. మానిక చివర్న. అన్నీ ఒకేసారి పెడితే పిల్లలు పెద్దదాన్నే పట్టుకుంటారు.

ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. నాలుగున్నరేళ్ల పిల్ల గిద్దెతో సోలను నింపుతోంది. ఒకసారి నాలుగు పట్టాయి. ఇంకోసారి మూడు పొయ్యగానే నిండిపోయింది. ముఖం చిట్లించి గిద్దెలోకి చూస్తుంది. నింపేటప్పుడు ఇసుక పైకి కుప్పగా నిలిచింది, ముందుసారి చేత్తో చదును చేసింది. టీచరు ఇక్కడ నోరు విప్పి "పైన చదును చెయ్యాలమ్మా, అప్పుడు నాలుగు వస్తాయి" అంటే జవాబు దొరుకుతుంది, పని ఆగిపోతుంది. "మూడే పట్టాయా? ఇందాక ఎన్ని పోశావు?" అని ఊరుకుంటే ఆ పిల్ల మళ్లీ పోస్తుంది. ఒక్కోసారి అదే ఉదయం తెలుసుకుంటుంది, ఒక్కోసారి మూడు రోజులు పడుతుంది. పక్కన కూర్చున్న పిల్లాడు "నువ్వు కొండ పెట్టావు" అని చెప్పేయడం కూడా ఉంది. ఆ జవాబు టీచరు చెప్పినదానికంటే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే దానితో పోట్లాడవచ్చు.

ఇదే టబ్బులో పొడుగు సీసా ఒకటి, వెడల్పు గిన్నె ఒకటి పెట్టి, రెండింటిలోనూ సోలెడు సోలెడు పోయించి ఎందులో ఎక్కువుందని అడిగితే ఈ వయసు పిల్లల్లో చాలామంది సీసా చూపిస్తారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త ఝా పియాజే ఎప్పుడో చూపించిన సంగతే ఇది. దిద్దాలని ఆరాటపడక్కర్లేదు. రెండింటిలోనిదీ తిరిగి సోలలోకి పోయమంటే చాలు. ఆశ్చర్యపోతారు, మర్నాడు మళ్లీ సీసానే చూపిస్తారు. అదీ మామూలే.

మట్టి

మైదాముద్ద, రంగురంగుల ప్లాస్టిక్ ముద్ద ఎంత వాడినా బంకమట్టికి సాటిరావు. మట్టికి బరువుంది, ఎండుతుంది, పగులుతుంది, ఎదురుతిరుగుతుంది. కుమ్మరి దగ్గర తెచ్చుకుంటే రాళ్లు ఏరి ఉంటుంది. చెరువు మట్టి అయితే ఎండబెట్టి పొడిచేసి, రాత్రంతా నానబెట్టి, నైలాన్ జల్లెడలో వడకట్టాలి. ఒక్కొక్కరికి అరకిలో, ఐదుగురికి రెండున్నర కిలోలు. చిన్న గోళీ అంత ముద్ద ఇస్తే పిల్లలు పాము చేస్తారు, ఇంకేమీ చేయలేరు. చేతికి అంటుకుంటుంటే తడి ఎక్కువైంది, ఇటుక మీద పరిచి అరగంట ఆరబెట్టాలి. మడిచినప్పుడు అంచులు చీలుతుంటే తడి తగ్గింది. వాడాక మూత ఉన్న బకెట్లో, పైన తడి గోనె కప్పి ఉంచితే వారాల తరబడి చెడదు.

పిల్లాడు ఏనుగు చేస్తాడు. నాలుగు కాళ్లు అతికిస్తాడు. ఆరేటప్పటికి ఒక కాలు ఊడుతుంది. మట్టి పనిలో అన్నిటికంటే విలువైన క్షణం ఇదే, చాలా బడుల్లో పారేసుకునేదీ ఇదే. టీచరు తను అతికించి ఇస్తుంది, లేదా ఫోటో తీసేదాకా పుల్ల గుచ్చుతుంది. అతుకు నిలవాలంటే రెండు వైపులా పుల్లతో గీరి, మట్టిని జావలా కలిపి పూసి, అప్పుడు నొక్కాలి. ఇది పిల్లలు తమంతట కనిపెట్టరు, ఇది చూపించాల్సిన పనితనం. ఎప్పుడు చూపించాలన్నదే తెలివి. కాలు ఊడకముందు చూపిస్తే వినరు. ఊడిన తర్వాత, వాడు రెండు మూడు ఉపాయాలు వేసి ఓడిన తర్వాత చూపిస్తే జన్మలో మరిచిపోడు. అన్వేషణ పద్ధతిలో నేర్పకూడదని ఎవరూ చెప్పలేదు. అడగకముందే నేర్పవద్దన్నారంతే.

అడిగే తీరు, రాసే తీరు

"ఎందుకు?" అన్న ప్రశ్న నాలుగేళ్ల పిల్లలకు పరీక్షలా వినిపిస్తుంది. నోరు మూసుకుంటారు, లేకపోతే టీచరుకు నచ్చే జవాబు వెతుకుతారు. "ఇలా చేస్తే ఏమవుతుందంటావు?", "ఇందాకటికీ ఇప్పటికీ ఏం మారింది?", "ఇంకోలా చేయొచ్చా?" ఇవి పనిచేస్తాయి. అడిగాక ఐదారు సెకన్లు ఊరుకోవాలి. ఇది విన్నంత తేలిక కాదు. చాలామంది టీచర్లు రెండో సెకనుకే తామే జవాబు అందిస్తారు.

ఉదయం తొమ్మిదింటికి వాకిట్లో ఒక పిల్ల నీడ చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, పాదాలున్నచోట గుర్తు పెట్టండి. పదకొండింటికి అదే గుర్తుల మీద నిలబడితే నీడ గీతతో కలవదు. ఎవరో జరిపారంటారు, నేను సరిగ్గా నిలబడలేదంటారు, నీడకు నిద్రొచ్చిందంటారు. ఒక్కొక్కటీ పరీక్షించి చూడదగ్గ ఊహే. సూర్యుడు కదలడం వల్ల అని అప్పుడే చెప్పేస్తే మాత్రం ఇంక పరీక్షించేదేమీ ఉండదు.

ఇక రాసుకోవడం. దీన్ని ఇటలీలో డాక్యుమెంటేషన్ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. మన దగ్గర అది వాట్సాప్ గ్రూపులో ఫోటోలుగా దిగజారింది. నవ్వుతున్న ముఖం ఫోటో తల్లిదండ్రులకు బాగుంటుంది, టీచరుకు పనికిరాదు. కావలసింది చేతుల ఫోటో, పక్కన పిల్ల అన్న మాట. మాటను శుద్ధి చేయకుండా, వాళ్ల యాసలో అన్నది అన్నట్టే రాయాలి. ఒక పద్దు ఎలా ఉంటుందంటే: "జూలై 8, 10.20. నాలుగేళ్ల నాలుగు నెలల పాప. గిద్దెతో సోల నింపింది. మూడుకే నిండింది. 'ఇది తాగేసింది' అంది. గిద్దె బోర్లించి తట్టింది. మళ్లీ పోసింది. నాలుగు." అంతే. ఇందులో పాప తెలివైనది, చురుకైనది అనే మాట లేదు, అభిప్రాయం లేదు. రోజుకు ఇద్దరు పిల్లల గురించి రాసినా రెండున్నర వారాల్లో పాతికమందీ ఒకసారి పుస్తకంలోకి వస్తారు. శనివారం అరగంట టీచరు, ఆయా కూర్చుని ఆ పద్దులు చదువుకుని, వచ్చేవారం టబ్బులో ఏం మార్చాలో తేల్చుకోవాలి. చదవని పద్దు రాయడం దండగ.

అ ఆ లు ఎప్పుడు?

అసలు పేచీ ఇక్కడే. మూడున్నరేళ్ల పిల్లాడి సంచిలో రాసిన పుస్తకం కనిపించకపోతే ఇంట్లో అడిగే మొదటి మాట "ఇవాళ ఏం రాయించారు?"

మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల వయసుకు వాటిలో సగానికి పైగా ఇంకా మృదులాస్థిగానే ఉంటాయి. వేళ్లు విడివిడిగా కదిలే పట్టు కూడా అప్పుడప్పుడే వస్తుంటుంది. తెలుగు అక్షరం నిలువు గీత కాదు, వంపు తిరిగి మళ్లీ వంపు తిరుగుతుంది. అ నుంచి మొదలుపెట్టి వరసగా దిద్దించడం పెద్దల వరసే తప్ప చేతికి తేలికైన వరస కాదు. గ, ర, ట లాంటివి చేతికి ముందు లొంగుతాయి. మట్టి పిసికి, గోళీలు ఏరి, ఇసుకలో వేలితో సున్నాలు చుట్టిన చెయ్యి ఐదేళ్లకు పెన్సిల్ పట్టినప్పుడు తక్కువ కష్టపడుతుంది.

అయితే ఇటువైపు వాళ్లు చేసే తప్పు కూడా ఉంది. పిల్లలకు ఆసక్తి కలిగినప్పుడు అక్షరాలు వాటంతటవే వస్తాయని కొందరు నమ్ముతారు. రావు. మట్టి గుణం మట్టిని పిసికితే తెలుస్తుంది. ఫలానా గీతకు ఫలానా ధ్వని అన్నది మనుషులు చేసుకున్న ఒప్పందం, ఎంత అన్వేషించినా బయటపడదు, ఎవరో చెప్పాలి. 2011లో 164 అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణలో తేలింది కూడా ఇలాంటిదే: ఏ సాయమూ లేకుండా కనుక్కోమని వదిలేసినదానికంటే నేరుగా చెప్పినదే మేలు, కానీ పెద్దల ఊతంతో సాగిన అన్వేషణ ఆ రెండింటికంటే మెరుగైన ఫలితమిచ్చింది. కాబట్టి నాలుగేళ్లు దాటాక రోజుకు పదిహేను నిమిషాలు ధ్వనుల ఆట నేరుగా ఆడించాల్సిందే: 'పలక'లో మొదటి చప్పుడేమిటి, 'కాకి'లాగే మొదలయ్యే ఇంకో మాటేమిటి, చప్పట్లతో 'మామిడికాయ'ను ముక్కలు చేయడం. ఇది అన్వేషణకు ద్రోహం కాదు.

రెజ్జో గురించి కూడా అతిగా ఊహించుకోవద్దు. నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం ఆ ఊళ్లో చదువుకున్నవాళ్లు పెద్దయ్యాక ఎలా ఉన్నారో పరిశీలించింది. ఏ బడికీ వెళ్లనివాళ్లతో పోలిస్తే మేలు కనిపించింది. అదే ఊళ్లో ఇతర బడులకు వెళ్లినవాళ్లతో పోలిస్తే పెద్ద తేడా కనిపించలేదు. ఆ ఇతర బడులు కూడా కాలక్రమంలో ఇవే పద్ధతులు చాలావరకు తెచ్చుకున్నాయన్నది ఒక వివరణ. కారణం ఏదైనా, ఈ పద్ధతిలో చదివితే పిల్లలు మేధావులవుతారని బ్రోషర్లో రాసిన బడిని నమ్మక్కర్లేదు.

అంగన్‌వాడీలో

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా లెక్కించింది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే బోధనకు ఆధారం చేసుకోమంది. కాగితం మీద అంతా ఈ వ్యాసంలో ఉన్న దిక్కుకే ఉంది. అంగన్‌వాడీ టీచరు మాత్రం అదే ఉదయం పప్పు కొలవాలి, పిల్లల్ని తూచాలి, గర్భిణుల వివరాలు ఫోన్లో ఎక్కించాలి. ఆమెకు 60 నిమిషాలు మిగల్చకుండా ఎన్ని కిట్లు పంపినా అవి బీరువాలోనే ఉంటాయి. పగిలితే లెక్క చెప్పాలన్న భయంతో తాళం వేసిన బొమ్మలు మనకు కొత్తేమీ కాదు. మట్టికీ ఇసుకకూ ఆ భయం లేదు, స్టాకు రిజిస్టరులో ఎక్కవు.

అంగన్‌వాడీకి ఒక బలం ఉంది, ప్రైవేటు బడులకు లేనిది. మూడు, నాలుగు, ఐదేళ్లవాళ్లు ఒకే గదిలో ఉంటారు. ఇసుక టబ్బు దగ్గర ఐదేళ్ల అక్క మూడేళ్ల తమ్ముడికి "కొండ పెట్టకురా" అని చెబుతుంటే టీచరు రాసుకుంటే చాలు. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అని గోడలు కట్టుకున్న బడులు ఈ సదుపాయాన్ని ఫీజు తీసుకుని మరీ పోగొట్టాయి.

అడ్మిషన్‌కు వెళ్లిన తల్లిదండ్రులు ఏం చూడాలి? గోడమీద పాతిక సీతాకోకచిలుకలు ఒకేలా ఉంటే అవి టీచరు కత్తిరించినవి, పిల్లలు రంగు మాత్రమే పూశారు. గోడమీది బొమ్మలు పెద్దల కంటి ఎత్తులో ఉంటే అవి మీకోసం అంటించినవి. ఇవి రెండూ చూడగానే తెలిసిపోతాయి. ఇంకొకటి మాత్రం అడిగి తెలుసుకోవాలి: పిల్లలు సగంలో వదిలేసినవి ఎక్కడ పెడతారు? ఇంటిగంట కొట్టేసరికి దిమ్మెలన్నీ పెట్టెలోకి, మట్టంతా బకెట్లోకి పోతే మర్నాడు అందరూ మళ్లీ మొదటినుంచే మొదలుపెట్టాలి, ఏ పనీ ఒకరోజు దాటి పెరగదు. ఆ ప్రశ్న కొత్త అనిపించని బడిలో ఒక అర చూపిస్తారు. దానిమీద తడిగుడ్డ కప్పి, పక్కన చీటీ మీద పేరు రాసి, మూడు కాళ్ల ఏనుగు ఒకటి ఉంటుంది.